తోబుట్టువులిద్దరికీ ఒకే పడకగది: కొలతల నుంచి గోడ రంగు దాకా

ఇద్దరు పిల్లలకూ కలిపి ఒకే గది అనుకోగానే చాలామంది ముందు రంగుల కార్డు పట్టుకుని కూర్చుంటారు. గోడ మీద ఏనుగులా, సీలింగ్ మీద నక్షత్రాలా, దుప్పట్లు ఒకేలా ఉండాలా వేరువేరుగానా అని. ఆ ప్రశ్నల వంతు చివర్లో వస్తుంది. గది కుదురుకునేది మూడు విషయాల దగ్గర. ఒకరు పడుకున్నాక ఇంకొకరు మేలుకుని ఉండే వీలుందా? ఎవరి వస్తువు ఎక్కడుండాలో ఇద్దరికీ తెలుసా? ‘ఇది నాది’ అని చెప్పుకోవడానికి ఒక్కొక్కరికీ కాస్త చోటు ఉందా? ఈ మూడూ సర్దుకుంటే గోడలు వట్టి తెల్లగా ఉన్నా పిల్లలు హాయిగా ఉంటారు. సర్దుకోకపోతే ఎంత ఖరీదైన వాల్‌పేపరైనా నాలుగు రోజుల్లో పెన్సిల్ గీతల పాలవుతుంది.

ఇక్కడ చెప్పేదంతా రెండేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లల గురించి. ఇద్దరిలో ఒకరు చంటిబిడ్డ అయితే పాటించాల్సినవి మంచాల దగ్గర విడిగా చెప్తాను.

1. గదిని కొలవండి, పిల్లల నిద్రనూ కొలవండి

గది పొడవు, వెడల్పు, ఎత్తు అందరూ రాసుకుంటారు. మరిచిపోయేవి వేరే ఉంటాయి: తలుపు తెరుచుకోవడానికి ఎంత జాగా తింటుంది, కిటికీ గట్టు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, ప్లగ్ పాయింట్లు ఏ గోడకున్నాయి, ఫ్యాన్ ఉంటే దాని రెక్కలు ఎంతవరకు తిరుగుతాయి. ఇవన్నీ గళ్ల కాగితం మీద గీయండి. ఒక్కో గడి 10 సెంటీమీటర్లు అనుకుంటే లెక్క తేలిక. అదే కొలతలో మంచాలు, అల్మారా, బల్ల అట్టముక్కలుగా కత్తిరించి కాగితం మీద జరిపి చూసుకోండి. నిజం మంచాన్ని గదిలో ఈడ్చుకుంటూ తిరగడం కన్నా ఇది నయం. పైగా పిల్లలు కూడా ఈ ఆటలో కూర్చుంటారు.

ఇప్పుడు నిద్ర లెక్క. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ల వారికి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో సూచించింది. మీ ఇంట్లో నాలుగేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు ఉన్నారనుకోండి. ఇద్దరూ పొద్దున ఆరున్నరకు లేవాలంటే పాప రాత్రి ఏడున్నరకు పడుకోవాలి, బాబు తొమ్మిదికి పడుకున్నా సరిపోతుంది. మధ్యలో గంటన్నర. ఆ గంటన్నరా బాబు ఎక్కడుంటాడు? గదిలోనే చదువుకుంటాడంటే దీపాలు ఒక రకంగా పెట్టాలి. హాల్లో ఉండి తర్వాత పిల్లిలా వచ్చి పడుకుంటాడంటే అతని మంచం తలుపు దగ్గర ఉండాలి. అంటే మంచాల చోటు తేలాలంటే ముందు ఈ సంగతి తేలాలి.

పిల్లలను కూడా అడగండి, కానీ విడివిడిగా. ‘గదిలో నీకేం కావాలి?’ అంటే రాకెట్ కావాలంటారు, జారుడుబల్ల కావాలంటారు. ‘ఇప్పుడున్న గదిలో నీకు నచ్చనిదేంటి?’ అని అడిగితే పనికొచ్చే జవాబు దొరుకుతుంది. తమ్ముడు తన బొమ్మలు విరగ్గొడుతున్నాడనో, రాత్రి కిటికీ అవతల నీడలు భయంగా ఉన్నాయనో బయటపడేది అప్పుడే.

2. గది ఖాళీ చేయండి

మంచాలతో సహా అన్నీ బయటికి. విరిగినవి, పొట్టయిపోయినవి, ఇద్దరిలో ఎవరూ ముట్టుకోనివి తిరిగి లోపలికి రాకూడదు. ఈ పని పిల్లలు ఇంట్లో లేనప్పుడు పెట్టుకోండి. వాళ్లు ఉంటే ఆరు నెలలుగా కన్నెత్తి చూడని బొమ్మ కూడా ఆ నిమిషానికి ప్రాణమైపోతుంది.

3. మంచాలు

ఎక్కువ ఆలోచన పెట్టాల్సింది ఇక్కడే. సింగిల్ మంచం పరుపు సుమారు 90 సెంటీమీటర్ల వెడల్పు, 190 పొడవు అనుకుందాం. మీ దగ్గరున్నది వేరే కొలతయితే దాన్నే లెక్కలో వేసుకోండి.

రెండు మంచాలు పక్కపక్కన వేసి నడుమ 60 సెంటీమీటర్ల దారి వదిలితే మొత్తం 240 సెంటీమీటర్లు కావాలి. మంచం కింద సొరుగులుంటే ఆ దారి 90 ఉండాలి, లేకపోతే సొరుగు సగమే తెరుచుకుంటుంది. రెండూ ఒకే గోడకు వరసగా వేయాలంటే 380 సెంటీమీటర్ల గోడ కావాలి. అంత గోడ ఉంటే మిగతా నేలంతా ఆటకు మిగులుతుంది. మూలలో లంబంగా, అంటే ఒకటి ఒక గోడకు, రెండోది పక్క గోడకు ఆనించి వేస్తే, ఒక గోడ కనీసం 280 ఉండాలి.

నా ఓటు ఈ మూడో పద్ధతికే. గది మధ్య ఖాళీగా ఉంటుంది, ఇద్దరికీ చెరో గోడ దక్కుతుంది, పడుకుంటే ఒకరి మొహం ఒకరికి ఎదురుగా ఉండదు. తలలు ఎటు పెట్టాలన్నది కూడా చిన్న విషయమేం కాదు. రెండు తలలూ మూలలో దగ్గరగా ఉంటే కబుర్లు అర్ధరాత్రి దాకా సాగుతాయి. ఒకరికొకరు తోడుంటే తప్ప నిద్రపోని పిల్లలైతే అలాగే వేయండి. రాత్రి పేచీలు ఎక్కువైతే తలలు దూరం చేసి కాళ్లు దగ్గర చేయండి.

ఇక బంక్ బెడ్, అంటే ఒకదాని మీద ఒకటి ఉండే రెండంతస్తుల మంచం. జాగా కలిసొస్తుందన్న మాట నిజమే, కానీ కొన్ని షరతులున్నాయి. ఆరేళ్లు నిండని పిల్లలను పై మంచం మీద పడుకోబెట్టకూడదు. అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంస్థ తయారీదారుల చేత మంచం మీదే ఈ హెచ్చరిక వేయిస్తుంది. పై మంచానికి రెండు వైపులా, గోడ వైపు కూడా, అడ్డుపట్టీ ఉండాలి. ఆ పట్టీ పరుపు పైభాగం కన్నా కనీసం 5 అంగుళాలు ఎత్తుగా ఉండాలని అక్కడి నిబంధన. చాలా ఇళ్లలో దెబ్బ తగిలేది ఇక్కడే. మంచంతో వచ్చిన పల్చటి పరుపు తీసేసి మెత్తగా ఉంటుందని మందపాటిది వేస్తారు, దాంతో పట్టీ ఎత్తు సగానికి సగం తగ్గిపోతుంది. పట్టీల మధ్య సందులు కూడా 3.5 అంగుళాలు మించకూడదు. చిన్న ఒళ్లు దూరి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది కాబట్టే ఆ లెక్క.

పైన పడుకునే బిడ్డను నేల మీద కూర్చోబెట్టి నడినెత్తి దాకా ఎత్తు కొలవండి, దానికి ఇంకో 15 సెంటీమీటర్లు కలపండి. పై పరుపుకూ సీలింగ్‌కూ మధ్య అంత ఖాళీ లేకపోతే ఆ ఆలోచన మానుకోండి. ఫ్యాన్ ఉన్న గదిలో పై మంచం మీద నిలబడి చెయ్యి చాపినా రెక్కలు అందనంత దూరం ఉండాలి. పై కమ్మీలకు తాడు, బెల్టు, చున్నీ లాంటివి ఏవీ కట్టనివ్వకండి, మెడకు చుట్టుకుంటాయి. ఇంకో మాట, బంక్ బెడ్లు అమ్మేవాళ్లు చెప్పనిది: పై పరుపుకు దుప్పటి మార్చడం నడుములకు శిక్ష, జ్వరమొచ్చిన పిల్లను అర్ధరాత్రి పైనుంచి దించడం అంతకన్నా కష్టం. గది మూడు మీటర్లకు మూడు మీటర్లున్నా నేను కింద రెండు మంచాలకే మొగ్గుతాను. జాగా మరీ తక్కువైతే పెద్ద మంచం కింద నుంచి లాగే రెండో మంచం మేలు, పగలు లోపలికి తోసేస్తే నేల మిగులుతుంది. బంకే తప్పదంటే నిచ్చెన తీసి పెట్టుకునే రకం తీసుకోండి. కింద పడుకునే చిన్నోడు అన్న చూడనప్పుడు ఎక్కి తీరతాడు.

రెండు మూడేళ్ల పిల్లలకు ఎత్తు తక్కువ మంచం చాలు. మంచాన్ని గోడకు ఆనిస్తే సందు లేకుండా ఆనించండి. పరుపుకూ గోడకూ మధ్య అరచెయ్యి పట్టేంత సందు ఉంటే అందులోకి జారి ఇరుక్కుంటారు.

చంటిబిడ్డ విషయానికొస్తే, మొదటి 6 నెలలైనా తల్లిదండ్రుల గదిలోనే, కానీ విడిగా తన సొంత పడక మీదే పడుకోబెట్టమని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ సలహా. కాబట్టి అక్కతో కలిపే తొందర వద్దు. ఆ తర్వాత తొట్టిమంచం వేసినా గట్టి పరుపు, ఆ పరుపుకు బిగుతుగా తొడిగే గుడ్డ తప్ప లోపల ఏమీ ఉండకూడదు. దిండు, మెత్తటి బొమ్మ, చుట్టూ కట్టే మెత్తలు అన్నీ ప్రమాదమే. పెద్దపిల్లలకు ప్రేమ ఎక్కువ, తమ్ముడు ఏడుస్తున్నాడని వాళ్ల టెడ్డీని తెచ్చి మొహం మీద పెడతారు. అక్క మంచం మీద నిలబడి చెయ్యి చాపినా అందనంత దూరంలో తొట్టి ఉండాలి.

ఎవరి మంచమైనా కిటికీ కింద వేయకండి. కిటికీకి ఊచల్లేకపోతే 10 సెంటీమీటర్ల కన్నా ఎక్కువ తెరుచుకోకుండా ఆపే క్లిప్పు బిగించండి. తాడు లాగే బ్లైండ్లు ఈ గదికి వద్దు, మామూలు కర్టెన్ గానీ తాడు లేని రకం గానీ పెట్టండి.

4. వెలుతురు, చప్పుడు

సీలింగ్‌కు ఒకే ట్యూబ్‌లైట్ ఉన్న గదిలో ఇద్దరు పిల్లలు వేరువేరు వేళల్లో నిద్రపోవడం కుదరని పని. మూడు రకాల దీపాలు కావాలి. ఆడుకోవడానికి, సర్దుకోవడానికి పై దీపం. చిన్నవాళ్లు పక్క ఎక్కగానే అది ఆగిపోవాలి, ఆ రాత్రికి మళ్లీ వెలగకూడదు. రెండోది ఎవరి మంచం దగ్గర వారికి చిన్న దీపం. దాని తలకట్టు లోతుగా ఉండి వెలుతురు పుస్తకం మీదే పడాలి, అవతలి గోడ దాకా పాకకూడదు. వేడెక్కని ఎల్‌ఈడీ, 2700 కెల్విన్ అని రాసి ఉన్న పసుపు ఛాయ తీసుకోండి. నీలిఛాయ ఉన్న తెల్లని వెలుతురు నిద్ర తెప్పించే మెలటోనిన్‌ను అణచివేస్తుంది. వైరు మంచం మీదుగా వేలాడకుండా గోడకు క్లిప్పులతో బిగించండి.

మూడోది రాత్రి దీపం. ఇక్కడే గొడవ మొదలవుతుంది: ఒకరికి చీకటంటే భయం, ఇంకొకరికి వెలుతురుంటే నిద్ర పట్టదు. దీపాన్ని కంటి ఎత్తు నుంచి దించి నేల దగ్గరి ప్లగ్‌లో, భయపడే బిడ్డ మంచం కాళ్ల వైపు పెట్టండి. ఎర్రటి లేదా కాషాయం ఛాయ, వీలైనంత మసక వెలుగు. రెండో బిడ్డ మంచం నుంచి చూస్తే ఆ వెలుగు మంచం చాటున ఉండిపోవాలి. సరిపోయిందో లేదో తెలియాలంటే రాత్రి మీరే ఆ రెండు పక్కల మీదా పడుకుని చూడాలి, వేరే దారి లేదు.

కర్టెన్ వెలుతురు ఆపేది గుడ్డ మందం ఒక్కటే కాదు, కడ్డీ పొడవు కూడా. కిటికీకి రెండు పక్కలా, పైనా కనీసం 15 సెంటీమీటర్లు ఎక్కువ వచ్చేలా వేస్తే అంచుల్లోంచి వచ్చే తెల్లవారు వెలుతురు తగ్గుతుంది. ముందు లేచిన పిల్ల రెండో పిల్లను లేపేది సగం రోజులు ఆ వెలుతురు వల్లే.

చప్పుడుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. తలుపు బందులకు నూనె, సొరుగుల లోపలి అంచులకు ఫెల్ట్ ముక్కలు, నేల మీద తివాచీ. తివాచీ కింద జారకుండా రబ్బరు జాలి వేయండి. పిల్లలు ఈ గదిలో నడవరు, పరిగెడతారు.

5. వస్తువుల చోటు

పంచుకోవడం మంచి అలవాటే. అలాగని అన్నీ పంచుకోవాల్సిందే అంటే పిల్లలు ఏదీ పంచుకోరు. అందుకని వస్తువులను మూడుగా విడదీయండి: పెద్దబిడ్డవి, చిన్నబిడ్డవి, ఇద్దరివీ. బట్టలు, ప్రాణమైన బొమ్మలు, స్కూలు సామాన్లు ఎవరివి వారికి. కట్టుడు దిమ్మలు, బంతులు, బొమ్మల పుస్తకాలు ఉమ్మడి.

ఎత్తు ఈ గదిలో కాపలాదారు. మూడేళ్ల బిడ్డ సగటున 95 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. ఆ బిడ్డ చెయ్యి పైకి చాపితే అందేంత ఎత్తు దాకా ఉన్న అరలు చిన్నబిడ్డవి, అంతకుపైన పెద్దబిడ్డవి. ఇందువల్ల అక్క కష్టపడి కట్టిన కోట తమ్ముడి చేతికందదు. అసలు కారణం ఇంకొకటుంది. మూడేళ్ల లోపు పిల్లల గొంతులో ఇరుక్కునే చిన్న భాగాలు పెద్దపిల్లల ఆటవస్తువుల్లో బోలెడుంటాయి. టాయిలెట్ పేపర్ చుట్టిన అట్టగొట్టంలోంచి పట్టే వస్తువేదైనా చిన్నవాళ్లకు అందకూడదన్నది మోటు లెక్క. గుండీ బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు ఉన్న బొమ్మలు మాత్రం మూత బిగించిన డబ్బాలో, పై అరలో ఉండాలి. అవి కడుపులోకి వెళితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఉమ్మడి బొమ్మలకు మూతల్లేని పెట్టెలు మంచివి. మూతుంటే బొమ్మలు మూత మీదే ఆగిపోతాయి. బరువైన మూత వేళ్ల మీద, తల మీద పడే భయమూ ఉంది. చదవడం రాని పిల్లల కోసం పెట్టె ముందు లోపలి బొమ్మల ఫొటో అంటించండి. ఒక్కొక్కరికి ఒక రంగు నిర్ణయించి తువ్వాలు, హ్యాంగర్, పెట్టె, బ్యాగు కొక్కెం అన్నీ అదే రంగులో పెడితే ‘అది నాది’ అన్న తగువు చాలా మటుకు తగ్గుతుంది.

పెద్దబిడ్డకు తాళం వేసుకునే చిన్న పెట్టె ఒకటి ఇవ్వండి. అందులో గులకరాళ్లే ఉండొచ్చుగాక. అడగకుండా దాన్ని తెరిచే హక్కు మీకు కూడా లేదు.

అల్మారా, సొరుగుల బీరువా, పుస్తకాల అర, ఏదైనా సరే గోడకు బిగించకుండా ఈ గదిలో ఉండకూడదు. పిల్లలు కింది సొరుగులు లాగి మెట్లలా ఎక్కుతారు. తెరిచిన సొరుగుల బరువు, ఎక్కిన బిడ్డ బరువు కలిసి మొత్తం ముందుకు ఒరిగిపోతుంది. పైభాగంలో రెండు చోట్ల ఎల్ ఆకారపు బిగింపులు వేసి, ఇటుక లేదా కాంక్రీటు గోడైతే ప్లాస్టిక్ ప్లగ్ కొట్టి స్క్రూ బిగించాలి. జిప్సం బోర్డు గోడైతే వెనకున్న చట్రంలోకే స్క్రూ వెళ్లాలి, వట్టి బోర్డు బరువు ఆపలేదు. బరువైనవి కింది అరల్లో పెట్టండి. చాక్లెట్లు, రిమోట్లు లాంటి ఊరించే వస్తువులు బీరువా నెత్తిన దాచకండి.

6. గోడ రంగు

ఒకరికి ఊదా, ఒకరికి ఆకుపచ్చ ఇష్టం. గదిని సగానికి చీల్చి రెండు రంగులు వేయడం, నేల మీద గీత గీయడం నాకు సమ్మతం కాదు. ఆ గీత రెండో రోజుకే సరిహద్దవుతుంది, కాలు దాటిందని ఫిర్యాదులు మొదలవుతాయి. గదంతా ఒకే లేత రంగు వేసి, ఒక్కొక్కరి మంచం తల వైపు గోడ మీద వారి రంగులో ఒక చదరం వేయండి: మంచమంత వెడల్పు, 120 సెంటీమీటర్ల ఎత్తు. ఎంపిక పిల్లలదే, కానీ కార్డు మొత్తం చేతికివ్వకండి. పక్కపక్కన కుదిరే ఛాయలు మీరే ముందు చూసి మూడేసి చొప్పున చూపించండి.

రంగును అట్టముక్క మీద పూసి, గోడకు పెట్టి పగలు ఒకసారి, రాత్రి దీపంలో ఒకసారి చూడండి. గోడంతా వేశాక రంగు కార్డులో కన్నా చిక్కగా కనిపిస్తుంది కాబట్టి ఒక ఛాయ లేతగా తీసుకోవడం మంచిది. వాసన తక్కువుండే నీటి ఆధారిత రంగు, తడిగుడ్డతో తుడవగలిగే కొద్దిపాటి మెరుపున్న రకం కావాలి. లీటరు రంగు ఒక పూతకు సుమారు 10 చదరపు మీటర్లు వస్తుంది. ఒక్కో చదరం చదరపు మీటరుకు కాస్త ఎక్కువ, రెండు పూతలకు పావు లీటరు చాలు. పెద్ద డబ్బాలు కొనకండి.

పని వరస మామూలే. గోడ తుడిచి, గుంటలకు పుట్టీ పెట్టి, ఆరాక నున్నగా రుద్ది, ప్రైమర్ వేసి, రెండు పూతలు. చదరం అంచుల మాస్కింగ్ టేపును రెండో పూత పూర్తిగా ఆరకముందే లాగేయాలి, లేకపోతే రంగు పెచ్చులతో ఊడొస్తుంది. పాత ఇల్లయితే ఒక జాగ్రత్త: పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, దాన్ని రుద్దితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతుంది. పరీక్ష చేయించకుండా ఉప్పుకాగితం పట్టకండి. రంగు వేశాక కిటికీలు తెరిచి, వాసన పూర్తిగా పోయేదాకా పిల్లలను వేరే గదిలో పడుకోబెట్టండి.

7. ఎవరి మూల వారిది

మంచం తల వైపు ఉన్న ఆ రంగు చదరమే ఒక్కొక్కరి సొంత గోడ. దాని మీద ఏం అంటించుకోవాలో మీరు చెప్పకండి. ఒక కార్క్ బోర్డు గానీ, అయస్కాంతం అంటుకునే రేకు గానీ పెట్టి వదిలేయండి. కాకపోతే మూడేళ్ల లోపు బిడ్డ ఉన్న గదిలో గుండుసూదులు, చిన్న అయస్కాంతాలు వద్దు, చింపి అంటించే టేపు చాలు. మంచం పైన గాజు ఫ్రేములు, బరువైన అరలు కూడా వేలాడదీయకండి.

కాసేపు ఒంటరిగా ఉండాలనిపించడం పిల్లలకూ ఉంటుంది. గుడ్డ గుడారం ఒకటి, లేదా బంక్ కింది మంచానికి ముందు తెర, లేదా రెండు మంచాల నడుమ గోడకు బిగించిన పొట్టి పుస్తకాల అర, ఏదో ఒకటి సరిపోతుంది. గుడారం ఉమ్మడిదైతే అందులో ఎవరైనా ఉన్నప్పుడు రెండోవారు అడిగి రావాలన్న ఒక్క నియమం పెట్టండి.

ఇద్దరికీ సమానంగా ఇవ్వాలని అన్నీ జతలుగా కొనే తల్లిదండ్రులున్నారు. ఎనిమిదేళ్లవాడికి బల్ల, కుర్చీ కావాలి. మూడేళ్లదానికి బల్లతో పనిలేదు, దొర్లడానికి నేల కావాలి. ఎవరికేది ఎందుకు ఇచ్చారో చెప్తే పిల్లలు ఒప్పుకుంటారు. ఒప్పుకోరనుకునేది ఎక్కువగా పెద్దవాళ్లే.

8. అలంకారం

డైనోసార్లు, రాకెట్లు, రాకుమార్తెలు మార్చగలిగే వాటి మీద ఉండనివ్వండి: దుప్పట్లు, గలీబులు, పోస్టర్లు. కారు ఆకారపు మంచం మాత్రం కొనకండి, ఇష్టం రెండేళ్లలో మారుతుంది, మంచం మారదు. ఇద్దరి దుప్పట్లూ ఒకేలా ఉండాల్సిన పని లేదు. గది చూడ్డానికి ఒద్దికగా ఉండాలంటే రెండింటిలోనూ ఏదో ఒక రంగు ఉమ్మడిగా ఉంటే సరిపోతుంది.

9. మొదటి రాత్రులు

పిల్లలను లోపలికి పంపేముందు మీరు గదిలో మోకాళ్ల మీద తిరగండి. పదునైన మూలలు, వేలాడే వైర్లు, మూత లేని ప్లగ్ రంధ్రాలు ఆ ఎత్తు నుంచే కనపడతాయి. బీరువాను రెండు చేతులతో ముందుకు లాగి చూడండి, కదిలితే బిగింపు సరిగ్గా లేనట్టే.

మొదటి వారం రెండు వారాలు ఇద్దరినీ ఒకేసారి పడుకోబెట్టకండి. చిన్నబిడ్డ నిద్రలోకి జారాక అరగంటకు పెద్దబిడ్డ వెళ్లాలి. రాత్రిపూట వేసుకునే బట్టలు, మర్నాటి స్కూలు బట్టలు గది బయట పెట్టుకుంటే అల్మారా తలుపు తీసే పని ఉండదు. కబుర్లు, నవ్వులు కొన్నాళ్లుంటాయి. గొడవ కానంతవరకు తలుపు తీయకండి.

నెలయ్యాక బొమ్మలు ఎక్కడ కుప్పపడుతున్నాయో చూసి, పెట్టెను అక్కడికే జరపండి. కుప్పను పెట్టె దగ్గరికి తెచ్చే ప్రయత్నం కన్నా అది తేలిక. ఆరు నెలలకోసారి మంచం బోల్టులు, గోడ బిగింపులు తిప్పి చూసి, చిన్నవాళ్ల ఎత్తు మళ్లీ కొలిచి అరలు మార్చండి. కిటికీ వైపు మంచం ఈసారి ఎవరిదన్న పంచాయతీ కూడా అదే రోజు తేల్చేయండి.